రౌతు కొద్దీ బండి

“రౌతు కొద్దీ గుఱ్ఱం” అన్న సామెత మనకు తరతరాలుగా వస్తున్నది. రాజపుత్ర శబ్దమే ప్రాకృతంలో మారి రావుతుగా, ఆపైన రౌతుగా మన భాషలోకి దిగివచ్చిందని పెద్దలు చెప్తారు. క్రీ.శ. 1565లో రక్కసి తంగడి యుద్ధం జరిగిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినప్పుడు, ఈ కొండ క్రింద ఎన్ని గుఱ్ఱాలు తిరిగి ఉంటాయో ఊహించుకోవలసిందే. అవి పడమటి తీరపు రేవుల నుంచి వచ్చేవి. మొదట అరబ్బు వర్తకులు, తరువాత పోర్చుగీసువారు వాటిని ఓడల మీద తెచ్చి అమ్మేవారు. అట్టి గుఱ్ఱానికి లక్షణాలేమిటి, రోగాలేమిటి, మందులేమిటి అని చెప్పడానికి శాలిహోత్రుని పేరిటా, నకులుని పేరిటా శాస్త్రాలే ఉన్నాయి.

మన కాలపు గుఱ్ఱం మోటారు సైకిలు. దీనికి తెలుగులో శాలిహోత్రుడు పుట్టలేదు. కొత్తగా బండి కొన్నవాడికి శాస్త్రమంతా నోటి మాటగానే అందుతుంది. నాన్న చెప్తాడు, మామ చెప్తాడు, మెకానిక్కు చెప్తాడు, పెట్రోలు బంకులో పక్కన నిలబడ్డవాడు అడగకుండానే చెప్తాడు. ముప్పై ఏళ్ళకు పైగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల బడుల్లో తెలుగు చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి కనుక ఈ మౌఖిక శాస్త్రాన్ని చాలా విన్నాను. అది ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఇప్పుడు ఏ మేరకు చెల్లుతుంది అన్న విచారణే ఈ టపా. యంత్రాల చరిత్రను చాలామంది వ్రాశారు. కొత్త రౌతు అడిగే ప్రశ్నలకూ ఒక చరిత్ర ఉన్నది.

మొదటి ప్రశ్న: ఏ బండి కొనాలి?

నేటి కుర్రవాడికి ఇది ఎంపిక సమస్య. మా తరానికి దొరకడమే సమస్య. మా సీమకు బండ్లు ప్రధానంగా మూడు దిక్కుల నుంచి వచ్చేవి. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు ఎన్‌ఫీల్డు సంస్థతో చేతులు కలిపి మద్రాసు మోటార్స్ వారు 1955లో ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించారు. మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో బుల్లెట్టు తయారయింది. మైసూరులో 1960-61 ప్రాంతంలో ఐడియల్ జావా కర్మాగారం మొదలయింది. చెక్ దేశపు జావాయే 1970లలో యెజ్డీ అన్న పేరు పెట్టుకుంది. ఉత్తరాన ఫరీదాబాదు ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ పోలండు దేశపు నమూనా. హిందూపురానికి బెంగుళూరు దగ్గర, అక్కడికి మైసూరు దగ్గర. అందువల్ల మా వైపు వీధుల్లో జావా చప్పుడు తరచుగా వినిపించేది.

స్కూటరు కావాలంటే ఇంకా కష్టం. ఏ కర్మాగారం ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వం నిర్ణయించే కాలమది. బజాజ్ స్కూటరుకు పేరు నమోదు చేసుకుంటే ఏళ్ళ తరబడి ఎదురుచూపే. పెళ్ళిచూపుల నాడు పేరు వ్రాయించినవాడు పిల్లవాణ్ణి బడిలో వేసేనాటికి స్కూటరు తెచ్చుకునేవాడు. అందుకే ఆ రోజుల్లో ఎవరైనా సలహా ఇస్తే “ఏది దొరికితే అది కొను, కొన్నదాన్ని అమ్మకు” అని ఇచ్చేవారు. దొరకని వస్తువును గురించి అంతకంటె తెలివైన మాట లేదు.

ఈ కరవును మా ప్రాంతంలో తీర్చింది హోసూరు. అక్కడ 1980లో టీవీయస్ 50 వచ్చింది. ఇద్దరు కూర్చోగల మోపెడ్. గేర్లు లేవు, బరువు లేదు, బాగుచేయించడం తేలిక. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు గూళ్ళ మూటలు తెచ్చే రైతూ, ధర్మవరంలో మగ్గం నుంచి దిగిన చీరలను షావుకారుకు అప్పజెప్పే నేతన్నా, క్యానులు కట్టుకున్న పాలవాడూ దాన్నే నమ్ముకున్నారు. రైలు మార్గం ఈ మూడు ఊళ్ళనూ ఎన్నడో కలిపింది కాని, పల్లె నుంచి స్టేషనుకు చేర్చే పని మాత్రం ఈ చిన్న బండిదయింది. తరువాత జపాను సంస్థల పొత్తుతో 100 సీసీ బండ్లు దిగాయి: 1984లో టీవీయస్ వారి ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర యమహా ఆర్‌ఎక్స్ 100. దాంతో ఎదురుచూపుల కాలం క్రమంగా ముగిసింది.

రెండవ ప్రశ్న: బండి ఎట్లా లేపాలి?

“లేపడం” అనే మాటే చెప్తున్నది, బండి అప్పట్లో నిద్రపోతున్న ప్రాణి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత యెజ్డీ ఒకటి కొన్నాను. దానికి కిక్కూ గేరూ ఒకే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది. బండి స్టార్టయ్యాక తన చోటికి పోయి గేరవుతుంది. మా సీనియరు పంతులుగారు దీన్ని “ఏకపద ద్వ్యర్థి” అనేవారు. బుల్లెట్టు సంగతి వేరు. కుడికాలి క్రింద గేరు, ఎడమకాలి క్రింద బ్రేకు. లేపేటప్పుడు అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా తొక్కి, చేతి దగ్గరి డీకంప్రెషరు మీట పట్టి కొంచెం కదిపి, మీట వదిలి, ఒక్క ఊపున తొక్కాలి. ఆ వరుస తప్పితే కిక్కు వెనక్కి తన్నేది. చీలమండ వాచిన బుల్లెట్టు రౌతులు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. స్కూటరువాడు బండిని ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి తన్నేవాడు. అలా చేస్తే కార్బొరేటరుకు పెట్రోలు అందుతుందని.

ఇక నూనె. టూ-స్ట్రోకు ఇంజనుకు వేరే నూనెతొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన నూనె పిస్టనును తడపాలి. బండిని బట్టి లీటరుకు 20 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా. తక్కువైతే పిస్టను బిగిసి వెనకచక్రం ఉన్నపళంగా నిలిచిపోతుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గుకు మసి. అందుకే ప్రతివాడి పెట్టెలోనూ ఒక ప్లగ్గు పానా, ఒక గరుకు కాగితం ముక్క, ఒక స్పేరు ప్లగ్గు ఉండేవి. ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లలో నూనె తనంతట తానే కలిసే ఏర్పాటు వచ్చాక ఆ కొలత తప్పింది. ఫోర్-స్ట్రోకు బండ్లు విస్తరించి, 2000 నాటి పొగ నిబంధనల తరువాత టూ-స్ట్రోకు మోటారు సైకిళ్ళు తెరమరుగయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీయస్-6 నిబంధన అమలయ్యాక కార్బొరేటరు స్థానంలో ఇంజెక్షను వచ్చింది. చోకు పోయింది. చాలా బండ్లలో రిజర్వు కొళాయి కూడా పోయింది. నేటి కొత్త రౌతు మీట నొక్కుతాడు, బండి కదులుతుంది.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి చెప్తాను. పాత బండి రౌతును నేరుగా రోడ్డు మీదికి వెళ్ళనిచ్చేది కాదు. నూనె కొలత, ప్లగ్గు శుద్ధి, కిక్కు వరుస, క్లచ్చి పట్టు, ఇవన్నీ నేర్చేలోపల ఆరు నెలలు గడిచేవి. ఆ ఆరు నెలలూ ఎవరో ఒక పెద్దమనిషి పక్కన ఉండేవాడు. ఇప్పుడు యంత్రం ఆ ప్రశ్నలన్నిటినీ తానే మింగేసింది. రౌతుకు రెండే ప్రశ్నలు మిగిల్చింది: ఎలా ఆగాలి, తలను ఎలా కాచుకోవాలి. ప్రాణానికి సంబంధించినవి మొదటినుంచీ ఆ రెండే. వాటిని చెప్పే పెద్దమనిషి మాత్రం ఇప్పుడు పక్కన లేడు. ఉన్నా, చాలాసార్లు పాత రోడ్డు నాటి జవాబే చెప్తున్నాడు.

ఆగడం సంగతి చూద్దాం. పదవ తరగతి ముగించి రెండేళ్ళయిన ఒక పూర్వ విద్యార్థి కొత్త బండి మీద మా ఇంటికి వచ్చాడు. మాటల్లో బ్రేకు ప్రస్తావన వచ్చింది.

“ముందర బ్రేకు పట్టుకోవద్దని మా నాయన చెప్పినాడు సార్. పల్టీ కొడతాదంట.”

“మీ నాయన ఏ రోడ్డు మీద నేర్చుకున్నాడు?” అన్నాను.

“మా ఊరి రోడ్డే సార్. అప్పుడు కంకరంట, ఇసకంట.”

వాళ్ళ నాయన చెప్పింది అబద్ధం కాదు. కంకర మీద, ఇసుక మీద ముందుచక్రం బిగిస్తే జారుతుంది, బండి పడుతుంది. ఆనాటి డ్రమ్ము బ్రేకు ఒక్కోసారి లాగితే పట్టేది కాదు, పడితే వదిలేది కాదు. వేగం నలభై దాటడం అరుదు. అట్టి రోడ్డు మీద, అట్టి బండి మీద, వెనక బ్రేకే నమ్మదగింది. ఆ సలహా అనుభవం నుంచి పుట్టింది.

అయితే ఆ రోడ్డు ఇప్పుడు లేదు. బెంగుళూరు–హైదరాబాదు రహదారి, వెనకటి ఏడవ నంబరు, నేటి 44వ నంబరు, పెనుకొండ పక్కగా నాలుగు వరుసలుగా పోతున్నది. ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఆ దారిన లారీల రద్దీ, బస్సుల రద్దీ, పనికి పోయే కుర్రవాళ్ళ బండ్లు అన్నీ పెరిగాయి. తారు మీద బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకు తూగుతుంది. ముందుచక్రం రోడ్డును గట్టిగా అదుముకుంటుంది, వెనకచక్రం తేలికపడుతుంది. కనుక ఆపే శక్తిలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే.

లెక్క చూడండి. పొడి తారు మీద రెండు బ్రేకులూ కలిపి మెల్లగా మొదలుపెట్టి గట్టిగా బిగిస్తే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సుమారు 10 మీటర్లలో ఆగుతుంది. అదే 80 అయితే 40 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. కన్ను చూసి చేయి కదిలేలోపు గడిచే ఒక్క సెకనులో మొదటి బండి 11 మీటర్లు, రెండవది 22 మీటర్లు అదనంగా పోతుంది. వెనక బ్రేకు ఒక్కటే వాడితే ఆపడానికి పట్టే దూరం ఇంచుమించు రెట్టింపు. ఆ మిగిలిన దూరంలోనే ఆగి ఉన్న లారీ ఉంటుంది.

ప్రభుత్వం ఈ సంగతి గ్రహించే 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే బండ్లకు నియమం పెట్టింది. 125 సీసీ మించినవాటికి చక్రం బిగిసిపోకుండా చూసే ఏబీయస్. ఆ లోపు వాటికి అదైనా ఉండాలి, లేదా ఒక మీట నొక్కితే రెండు చక్రాలకూ పట్టే జంట బ్రేకైనా ఉండాలి. “పల్టీ కొడతాది” అన్న భయానికి యంత్రం ఇచ్చిన జవాబు ఇది. కాని వ్రేళ్ళు మీట మీదికి పోవడం నేర్చుకోవాలి కదా. ఖాళీ మైదానంలో ఇరవై వేగంతో మొదలుపెట్టి, రెండు బ్రేకులతో ఆగడం పదిసార్లు, ఇరవైసార్లు సాధన చేయమని ఆ పిల్లవాడికి చెప్పాను. వక్రమార్గంలో వంగి ఉన్నప్పుడూ, ఇసుక మీదా, తొలకరి వాన పడి నూనె తేలిన రోడ్డు మీదా మాత్రం నాయన మాటను మరవవద్దనీ చెప్పాను.

ఈ సందర్భంలో మన లైసెన్సు పరీక్షను తలచుకోవాలి. 1939 నాటి మోటారు వాహనాల చట్టం పోయి, 1988 నాటి చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. లర్నరు లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, నెల గడిచాక పరీక్షకు పోవచ్చు. మన ఊళ్ళలో పరీక్ష అంటే అందరికీ గుర్తుండేది ఎనిమిది అంకె వేయడం. కాలు నేలకు ఆనించకుండా ఎనిమిది తిరగడం మంచి పరీక్షే. బండి నెమ్మదిగా పోతున్నప్పుడే తూకం కష్టం. వేగం అందుకుంటే చక్రాలు తమంత తామే నిలబడతాయి. అయితే ఎనిమిది వేసినవాడికి పదికిలోమీటర్ల వేగంలో పడకుండా ఉండడం వచ్చినట్లు. ఎనభైలో ఆగడం వచ్చినట్లు కాదు. ఇది నేర్పే బాధ్యత మళ్ళీ ఇంటి పెద్దల మీదే పడింది. పద్ధెనిమిది నిండని పిల్లవాడికి తాళం చెవి ఇచ్చే తండ్రికి 2019 సవరణ 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు విధించవచ్చునన్నది. బడి గేటు బయట సైకిళ్ళ స్థానంలో బండ్లు వరుస తీరడం చూసిన ఉపాధ్యాయుడిగా ఆ సెక్షను అవసరమేనంటాను.

ఇక తల సంగతి.

అరేబియా లారెన్సుగా పేరుపడ్డ టి.ఇ. లారెన్సు 1935 మే 13న ఇంగ్లండులో తన మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ళ మీద వస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కైర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. ఆ చావు ఆయనను వదలలేదు. యుద్ధకాలంలో సైన్యపు వార్తాహరుల తల గాయాలను పరిశీలించి 1941లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ ఏడాది చివరికి బ్రిటిషు సైన్యంలో మోటారు సైకిలు ఎక్కేవారికి శిరస్త్రాణం తప్పనిసరి అయింది. అక్కడి పౌరులకు తప్పనిసరి కావడానికి 1973 దాకా పట్టింది. మనకు 1988 చట్టంలోని 129వ సెక్షను. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు. 2019 సవరణతో జరిమానా వెయ్యి రూపాయలయింది. 2021 జూన్ నుంచి ఐయస్‌ఐ గుర్తు లేని హెల్మెట్టు తయారుచేయడం, అమ్మడం నేరం.

చట్టానికి లోటు లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో పోయినవారు 1,68,491 మంది. వారిలో ద్విచక్ర వాహనాల మీద పోయినవారు 74,897 మంది. హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. “ఊళ్ళోకే కదా, హెల్మెట్టెందుకు” అన్నది కూడా పాత రోడ్డు నాటి మాటే. ఊరూ రహదారీ వేరువేరుగా ఉన్నప్పుడు అది కొంత చెల్లింది. ఇప్పుడు మా పల్లెల్లో పాలు పోసి రావాలన్నా రహదారి దాటాలి.

నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇద్దరు ఆ రహదారి మీదే పోయారు. ఒకడు మంచి గొంతు ఉన్నవాడు. పోతన పద్యాలు చక్కగా రాగం తీసేవాడు. అతని బండికి చిన్న సొట్ట తప్ప ఏమీ కాలేదు. హెల్మెట్టు అద్దం కొమ్మకు తగిలించి ఉంది. ఆ మాట వాళ్ళమ్మగారు నాకు చెప్పినప్పుడు జవాబు చెప్పడానికి నా దగ్గర తెలుగు లేకపోయింది.

చెల్లుబాటు తగ్గని పాత సలహాలూ ఉన్నాయి. వాటిని పారవేయకూడదు. మా వైపు కోతలప్పుడు రాగి కంకులు, ఉలవ చెత్త తారురోడ్డు మీద పరుస్తారు, బండ్ల చక్రాలతో నూర్పిడి అయిపోతుందని. దాని మీద బ్రేకు వేయరాదు, మలుపు తిప్పరాదు. నెమ్మదిగా నేరుగా దాటాలి. దాటాక ఒకసారి దిగి చక్రానికి, సైలెన్సరుకు గడ్డి చుట్టుకుందేమో చూడాలి. వెనక కూర్చున్న ఇల్లాలి చీరకొంగు లోపలికి దోపుకొమ్మనడం మరొకటి. వెనకచక్రానికి బట్ట చిక్కకుండా కవచం ఉండాలనీ, వెనకవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్ళకు ఆధారం ఉండాలనీ మన నియమావళిలో 123వ నియమం చెప్తున్నది. పట్టుచీరలు నేసే ధర్మవరంలో ఆ కవచం విలువను ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. కదిలే ముందు సైడు స్టాండు తీశావా అని అరిచే దారిన పోయే దానయ్యలు కూడా పదికాలాలు చల్లగా ఉండాలి. అయితే పగలు లైటు వెలుగుతున్నదని చేతివ్రేళ్ళు మూసి తెరిచి సైగ చేసే దయామయులు ఇక శ్రమపడనక్కర లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు దీపం పగలూ వెలిగే ఉంటుంది. ఎదుటివాడి కంట పడడానికే ఆ ఏర్పాటు.

సలహా చెప్పేవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారు తమ కాలపు రోడ్డును, తమ కాలపు బండిని నిజాయితీగా చదువుకున్నారు. వ్యాకరణంలో పూర్వసూత్రం ఎక్కడిదాకా వర్తిస్తుందో, పరసూత్రం ఎక్కడ దాన్ని బాధిస్తుందో చూసి గాని పదం సాధించం. బండి శాస్త్రానికీ ఆ జాగ్రత్త కావాలి. కొత్త రౌతుకు సలహా ఇచ్చే ముందు ఇది ఏ రోడ్డు మీద పుట్టిందో ఒక్క క్షణం తలచుకుంటే చాలు.

మీ మీ ఊళ్ళలో కొత్తగా బండి ఎక్కేవారికి ఏమేమి చెప్పేవారో, వాటిలో ఏవి నిలిచాయో, ఏవి చెల్లకుండా పోయాయో క్రింద వ్రాయండి. పది ఊళ్ళ మాటలు ఒకచోట చేరితే, శాలిహోత్రీయం కాకపోయినా, పిల్లల చేతిలో పెట్టదగిన చిన్న పుస్తకమైనా అవుతుంది.